ఒక్కో దారికి ఒక్కో మండలం: మీ దేవుణ్ణి మీరే వెతుక్కోవాలనుకుంటే

నాన్న పోయినప్పుడు గుంటూరులో కర్మ అంతా నేనే చేశాను. పంతులుగారు చెప్పిన ప్రతి ముక్కా తిరిగి చెప్పాను, ఒక్క ముక్కకీ అర్థం తెలియదు. పన్నెండో రోజు రాత్రి చుట్టాలందరూ పడుకున్నాక నన్ను ఒకటే ఆలోచన పట్టుకుంది, నాన్నకి చేసిన ఆఖరి పనిలో నా చేతులున్నాయి, నోరుంది, నేను మాత్రం లేను అని. అక్కడ మొదలైంది నా వెతుకులాట. ఆరేళ్లయింది. గుళ్లు, చర్చిలు, గురుద్వారా, మసీదు, విపశ్యన ధ్యానం, అన్నీ తిరిగాను, ఒక్కోచోట నెలల తరబడి ఉన్నాను. ఇప్పుడు అదే ప్రశ్నతో నా దగ్గరికొచ్చేవాళ్లకి చెప్పేదే ఇక్కడ రాస్తున్నా.

ముందు ఒక మాట. యూట్యూబ్‌తో మొదలుపెట్టొద్దు. నేను మొదటి ఏడాది మొత్తం అదే చేశాను, ఒక మతం వాళ్లు ఇంకో మతాన్ని ఓడించే చర్చలు రాత్రి రెండింటిదాకా చూసేవాణ్ణి, ఏడాది చివరికి నాకు అన్ని మతాల తప్పులూ తెలుసు, ఒక్క మతంలోనూ ప్రార్థన ఎలా చేస్తారో తెలియదు. ఈత గురించి ఎంత చదివినా చెరువులో దిగకపోతే రాదు కదా, ఇదీ అంతే. కాబట్టి నేను చెప్పే పద్ధతి ఒక్కటే: ఒక దారి ఎంచుకోండి, దానికి ఒక మండలం ఇవ్వండి, ఆ నలభై ఒక్క రోజులూ వాళ్లు చేసేది మీకు చేతనైనంత చేయండి, అయ్యాక ఆపి చూసుకోండి.

మండలమే ఎందుకంటే అది మన ఒంటికి అలవాటైన కొలత. అయ్యప్ప మాల 41 రోజులు. క్రైస్తవుల శ్రమకాలం, భస్మ బుధవారం నుంచి ఈస్టర్ దాకా, ఆదివారాలు తీసేస్తే 40 రోజులు. రంజాన్ ఉపవాసాలు 29 లేదా 30. ఎవరిని చూసినా మనిషి లోపల ఏదైనా కదలాలంటే వారం చాలదని, నెల పైనే పడుతుందని కనిపెట్టినట్టే ఉంది. పది రోజులకి మనకి కొత్త మోజు ఉంటుంది, ఇరవయ్యో రోజుకి విసుగు వస్తుంది, ఆ విసుగు దాటాకే ఆ దారి అసలు ముఖం కనిపిస్తుంది. నాకు ప్రతిచోటా అలాగే జరిగింది.

మొదటి మండలం మాత్రం మీ ఇంటి దారికే ఇవ్వండి. ఇది చాలామందికి నచ్చదు, "అది తెలిసిందే కదండీ" అంటారు. తెలియదు. నాకు తెలిసిందల్లా పులిహోర ప్రసాదం, శనివారం నాన్‌వెజ్ మానడం, పరీక్షల ముందు మొక్కులు. మీ ఇలవేల్పు ఎవరో, ఎందుకయ్యాడో అమ్మనో నాయనమ్మనో అడగండి, ఊళ్లో పోలేరమ్మకో గంగానమ్మకో మీ ఇంటివాళ్లు ఏ మొక్కు ఎందుకు చెల్లిస్తారో అడగండి, అందులోనే మూడు తరాల భయాలూ కష్టాలూ బయటికొస్తాయి. తర్వాత ఒక్క చిన్న పుస్తకం తీసుకోండి. భగవద్గీత 700 శ్లోకాలు కష్టమనిపిస్తే ఈశావాస్యోపనిషత్తు చూడండి, మొత్తం 18 మంత్రాలు, తెలుగు తాత్పర్యంతో రోజుకి ఒకటి చొప్పున చదివితే మండలంలో రెండుసార్లు అవుతుంది. నేనైతే తద్దినం మంత్రాలు ఒక పెద్దాయన దగ్గర కూర్చుని పదం పదం అర్థం రాసుకున్నాను. ఆ ఏడాది పిండం పెట్టేటప్పుడు నేను ఎవర్ని పిలుస్తున్నానో నాకు తెలుసు. ఏడుపొచ్చింది, పంతులుగారు ఆగి నా వైపు చూశారు.

మీరు పుట్టు క్రైస్తవులైనా ముస్లింలైనా ఇదే మాట. ఆదివారం చర్చికి వెళ్లడం వేరు, మార్కు సువార్త పదహారు అధ్యాయాలూ ఎవరూ చెప్పకుండా మీ అంతట మీరు మొదటిసారి చదువుతున్నట్టు చదవడం వేరు. నమాజులో రోజూ చదివే ఫాతిహా ఏడు వాక్యాల అర్థం తెలుగులో తెలుసుకుని ఆ రోజు నిలబడి చూడండి. ఇంటిది వద్దనుకుని వెళ్లిపోయేవాళ్లు కూడా తెలుసుకుని వద్దనుకోవాలి, తెలియక వద్దనుకుంటే అది వెనకాలే వస్తుంది.

ఇక బయట దారులు. ఎక్కడికెళ్లినా నాలుగు పట్టుకోండి: వెళ్లడానికి ఒకే చోటు, చదవడానికి ఒకే పుస్తకం, రోజూ చేయడానికి ఒక పని, రాత్రి రాసుకోవడానికి ఒక నోటుబుక్కు. నోటుబుక్కులో సిద్ధాంతాలు రాయకండి. ఈ రోజు ఎవరి మీద అరిచాను, ఎవరికి సాయం చేశాను, నిద్ర ఎలా పట్టింది, ఫోన్ ఎంతసేపు చూశాను, ఇవి రాయండి. దారి మీకు పడుతోందో లేదో ఇంట్లోవాళ్లతో మీరు మాట్లాడే తీరులోనే ముందు తెలుస్తుంది, ధ్యానంలో కనిపించే వెలుగుల్లో కాదు.

కొత్తవాళ్లకి అన్నిటికంటే తేలిక గురుద్వారా. ఎవరూ మీరెవరని అడగరు. హైదరాబాద్‌లో అమీర్‌పేటలో ఉంది, సికింద్రాబాద్‌లో ఉంది, ఇంకా లోతుగా చూడాలనుకుంటే రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి నాందేడ్, సిక్కుల పదో గురువు గురు గోవింద్ సింగ్ 1708లో కన్నుమూసిన చోటు, ఒకప్పుడు అది హైదరాబాద్ రాష్ట్రంలోదే. చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కుని, తల కప్పుకోవాలి, ఆడవాళ్లయినా మగవాళ్లయినా. సిగరెట్ ప్యాకెట్ లాంటిది జేబులో ఉంటే బయటే వదిలేయండి. వాళ్ల పవిత్ర గ్రంథం గ్రంథ్ సాహిబ్ ముందు తల వంచి, ఆ వైపు కాళ్లు చాపకుండా కింద కూర్చోండి. కడా ప్రసాదం, అంటే గోధుమ హల్వా, రెండు చేతులూ దోసిలి పట్టి తీసుకోవాలి, వేడిగా ఉంటుంది, నెయ్యి వేళ్ల సందుల్లోంచి కారుతుంది, వద్దనకండి. భాష అర్థం కాకపోయినా కీర్తన వినండి. ఆ 1430 పేజీల గ్రంథంలో గురువుల మాటలతో పాటు చేనేత కబీర్ పదాలున్నాయి, చెప్పులు కుట్టిన రవిదాస్ పదాలున్నాయి, ముస్లిం సూఫీ ఫరీద్ పదాలున్నాయి. ఆ సంగతి తెలిశాక నేను కాసేపు కదల్లేదు. వాళ్ల సాధనలో మీరు వెంటనే చేయగలిగింది సేవ. వచ్చినవాళ్లందరికీ ఉచితంగా అన్నం పెట్టే లంగర్‌లో ఉల్లిపాయలు తరగండి, పళ్లేలు కడగండి, వరుసగా ఆరు ఆదివారాలు.

చర్చి అంటే అన్నీ ఒకటి కావు, ఇది తెలియక చాలామంది ఒక కూటానికి వెళ్లి భయపడి వచ్చేసి క్రైస్తవం అంతే అనుకుంటారు. క్యాథలిక్ పూజ నెమ్మదిగా, క్రమంగా, నిశ్శబ్దాలతో సాగుతుంది. సీఎస్‌ఐ, బాప్టిస్టు సంఘాల్లో ప్రసంగానికి, పాటలకి ఎక్కువ చోటు. పెంతెకోస్తులో చప్పట్లు, కన్నీళ్లు, గట్టి ప్రార్థనలు. మూడూ ఒక్కోసారి చూసి తర్వాత ఒకటి ఎంచుకోండి. క్యాథలిక్ పూజలో దివ్యసత్ప్రసాదానికి అందరూ లేచి వెళ్తుంటే మీరు కూర్చునే ఉండండి, అది బాప్తిస్మం పొంది వాళ్ల సభలో చేరినవాళ్లకి మాత్రమే, తప్పుగా ఎవరూ అనుకోరు. ప్రొటెస్టెంట్లు రొట్టె, ద్రాక్షరసం పంచే బల్ల దగ్గర కూడా ముందు పాస్టర్ గారిని అడగండి. చదవడానికి మత్తయి సువార్తలో 5, 6, 7 అధ్యాయాలు చాలు, కొండమీద ప్రసంగం, మండలం అంతా ఆ మూడే మళ్లీ మళ్లీ చదవండి. శత్రువుల్ని ప్రేమించమన్న మాట దగ్గర నేను రెండు వారాలు ఆగిపోయాను, ఆస్తి తగాదాలో మాటలు లేని మా బాబాయి గుర్తొచ్చి. చివరికి ఫోన్ చేశాను. వీలైతే మెదక్ వెళ్లి రండి, 1914 నుంచి 1924 దాకా కట్టారు, కరువు రోజుల్లో పనికొచ్చిన జనానికి అన్నం పెట్టి పోస్నెట్ అనే మిషనరీ దొర కట్టించిన చర్చి అది. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో విజయవాడ గుణదల కొండ ఎక్కితే మరియమాత దగ్గర తలనీలాలిచ్చేవాళ్లు, కొబ్బరికాయలు కొట్టేవాళ్లు కనిపిస్తారు, పుస్తకాల్లో మతాల మధ్య గీసిన గీతలు మన జనం కాళ్ల కింద ఎలా చెరిగిపోతాయో అక్కడ చూడొచ్చు.

మసీదు విషయంలో తెలిసినవాళ్లతో వెళ్లడం మంచిది. మీ ఆఫీసులో, వీధిలో ఎవరో ఒక స్నేహితుడు ఉంటాడు, "భాయ్, శుక్రవారం నేనూ రావచ్చా, వెనకాల కూర్చుంటాను" అని అడగండి, నేనడిగితే ఆయన సంతోషపడి తన తెల్ల టోపీ ఇచ్చాడు. నమాజు చేస్తున్నవాళ్ల ముందు నుంచి నడవకూడదు. ఫొటోలు తీయొద్దు. చాలా మసీదుల్లో ఆడవాళ్లకి లోపల చోటుండదు, కొన్నిటిలో వేరే గది ఉంటుంది, ముందే కనుక్కోండి, లేకపోతే ఆ స్నేహితుడి ఇంట్లో అమ్మనో అక్కనో కలిసి కూర్చోండి, అక్కడే ఎక్కువ తెలుస్తుంది. రంజాన్‌లో ఒక్క రోజైనా, ఆరోగ్యం సహకరిస్తే, తెల్లారకముందు తినే సెహ్రీ నుంచి సాయంత్రం ఇఫ్తార్ దాకా మంచినీళ్లు కూడా లేకుండా రోజా ఉండండి. సాయంత్రం ఖర్జూరం నోట్లో పెట్టుకున్న క్షణంలో వాళ్లు ఏం చెబుతున్నారో పుస్తకం లేకుండా అర్థమవుతుంది. ఖురాన్ మొదటి పేజీ నుంచి చివరిదాకా కథలా చదవబోతే ఆగిపోతారు, రెండో సూరాలోనే, అంటే అధ్యాయంలోనే, 286 వాక్యాలున్నాయి. 114 సూరాల్లో చివరి ముప్ఫై చిన్నవి, అక్కణ్ణుంచి వెనక్కి రండి. వందేళ్ల కింద చిలుకూరి నారాయణరావు గారు, తను ముస్లిం కాకుండానే, ఖురాన్‌ని తెలుగులోకి తెచ్చారు, కాబట్టి మనం చదవడంలో కొత్తేమీ లేదు. ఒక్కటి గుర్తుంచుకోండి: కలిమా అంటే ఇస్లాంలోకి వస్తున్నానని సాక్ష్యం చెప్పడం. తెలుసుకోవడానికని, సరదాకని ఆ మాట నోటితో అనకండి. బాప్తిస్మం కూడా అలాంటిదే. వెతుకుతున్నవాడికి గుమ్మం దాకా హక్కుంది, మాట ఇచ్చాకే గుమ్మం దాటాలి.

దర్గా వేరు, దర్గాకి వెళ్లడాన్ని ఒప్పుకోని ముస్లింలూ ఉన్నారు, ఇద్దరి మాటా వినండి. మన పల్లెల్లో మస్తానయ్య, సైదులు, హుసేనమ్మ అనే పేర్లు హిందువుల ఇళ్లలో ఎందుకున్నాయో ఆలోచించండి, దర్గాలకీ పీర్లకీ మొక్కుకుంటే పుట్టిన పిల్లలు వాళ్లు. ఉగాది రోజు కడపలో వేంకటేశ్వరస్వామి గుడికి ముస్లింలు వస్తారు, స్వామిని పెళ్లాడిన బీబీ నాంచారి తమ ఆడపడుచని. దూదేకుల సిద్దయ్య పోతులూరి వీరబ్రహ్మంగారి శిష్యుడు. మనం చేస్తున్న వెతుకులాట మన తాతలు మొక్కుల్లో, తిరునాళ్లలో ఎప్పుడో మొదలుపెట్టారు.

బౌద్ధం అనగానే మనవాళ్లు అమరావతి, నాగార్జునకొండ, తొట్లకొండ చూసి వస్తారు. చూడండి, కానీ అవి రాళ్లు. చేసి చూడాలంటే పది రోజుల విపశ్యన. విపశ్యన గురువు గోయెంకా గారి పద్ధతిలో నడిచే కేంద్రం హైదరాబాద్‌లో వనస్థలిపురం దాటాక నాగార్జునసాగర్ రోడ్డులో ఉంది, ధమ్మ ఖేత్త అంటారు. ఫీజు లేదు, భోజనానికీ గదికీ కూడా, కోర్సు పూర్తి చేసినవాళ్లు ఇచ్చే దానంతో నడుస్తుంది. తెల్లారుజామున నాలుగింటికి గంట, రాత్రి తొమ్మిదిన్నరకి దీపాలు ఆర్పడం, మధ్యలో దాదాపు పది గంటల ధ్యానం, పదకొండింటికి భోజనం, సాయంత్రం కొత్తవాళ్లకి పండు, టీ. ఫోన్ ఇచ్చేయాలి, పుస్తకం ఉండదు, తొమ్మిది రోజులు మాట ఉండదు. మొదటి మూడు రోజులు శ్వాసే. రెండో రోజు, ఆరో రోజు చాలామందికి పారిపోవాలనిపిస్తుంది, నాకు రెండు రోజులూ అనిపించింది. డిప్రెషన్‌కి, నిద్రకి, ఇంకే మానసిక సమస్యకైనా మందులు వాడుతుంటే అప్లికేషన్‌లో దాచకుండా రాయండి, డాక్టర్‌ని అడిగే వెళ్లండి, అంత నిశ్శబ్దం అందరికీ ఒకేలా పని చేయదు. ఇంటికొచ్చాక మిగతా నెల రోజులు పొద్దున గంట, సాయంత్రం గంట కూర్చుంటేనే మండలం పూర్తయినట్టు.

జైనుల కొలనుపాక ఆలేరు దగ్గరే, వెళ్లి రండి, వాళ్ల దగ్గర నేర్చుకోవలసింది తిండి విషయంలో జాగ్రత్త, ఏడాదికొకసారి అందర్నీ పేరుపేరునా క్షమించమని అడగడం. పార్శీల అగ్యారీలోకి, అంటే వాళ్ల అగ్ని ఆలయంలోకి, బయటివాళ్లని రానివ్వరు, అది వాళ్ల నియమం, గౌరవించి గేటు దగ్గరే ఆగండి. హిందువు కానివాళ్లు తిరుమల దర్శనానికి వెళ్తే స్వామి మీద నమ్మకం ఉందని డిక్లరేషన్ మీద సంతకం చేయాలి, నమ్మకం ఇంకా లేకపోతే అబద్ధం సంతకం పెట్టకండి, అలాంటి అడ్డు లేని గుళ్లు చాలా ఉన్నాయి.

దేవుడే లేడనే దారికి కూడా ఒక మండలం ఇవ్వండి అంటే కోప్పడేవాళ్లున్నారు. గోరా గారు 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో విజయవాడకి మార్చి, అంటరానితనం మీద జీవితమంతా పని చేశారు. నలభై రోజులు మొక్కు లేకుండా, ముహూర్తం చూడకుండా, జరిగిన ప్రతిదానికీ నేనే బాధ్యుణ్ణి అనుకుని బతికి చూడండి. కొందరికి అది ఊపిరాడినట్టుంటుంది, కొందరికి ఒంటరిగా ఉంటుంది. నాకు రెండోది. కానీ ఆ నలభై రోజుల తర్వాత నా ప్రార్థనలోంచి బేరాలు పోయాయి.

ఎక్కడికెళ్లినా బోధ ఎంత బాగుందని కాదు, అన్నం దగ్గర ఎవరు ఎక్కడ కూర్చున్నారో చూడండి. ఎవరు వండుతున్నారు, ఎవరు వడ్డిస్తున్నారు, ఎవరు ఆకులు తీస్తున్నారు. మన దగ్గర ఈ పరీక్ష పెట్టకుండా ఏ మతాన్నీ నమ్మొద్దు. కులం గుళ్లోనే ఉందనుకుంటే పొరపాటు, చర్చిలోనూ పెళ్లి సంబంధాల దగ్గరా సమాధుల దగ్గరా ఉంది, మసీదు బయట దూదేకుల అనే మాట పలికే తీరులోనూ ఉంది. దాన్ని ఒప్పుకుని సిగ్గుపడి మార్చుకోవాలని చూస్తున్న మనుషులు దొరికితే అక్కడ ఉండండి. అసలు లేదని వాదించేవాళ్ల దగ్గర జాగ్రత్త.

ఇంకా మూడు చోట్ల వెంటనే లేచి వచ్చేయండి. కానుకో దక్షిణో ఇంత అని లెక్క చెప్పి, ఇవ్వకపోతే కీడు జరుగుతుందని భయపెడితే. అమ్మానాన్నలతో, భార్యతో, భర్తతో మాట్లాడటం మానేయమంటే. మందులు ఆపమంటే. మా చుట్టాల్లో ఒక పిన్ని, ఎవరో స్వామి నీళ్లు మంత్రించి ఇస్తే షుగర్ మాత్రలు మానేసి కాలు పోగొట్టుకుంది. నూనె రాసి ప్రార్థన చేసినా, తాయెత్తు కట్టినా, విభూతి పెట్టినా, మాత్ర మాత్రం వేసుకోవాలి.

ఇంట్లో చెప్పడం కష్టమే. దాచకండి, కానీ చాటకండి. మా అమ్మకి నేను మసీదుకెళ్లిన సంగతి వేరేవాళ్ల ద్వారా తెలిసి రెండు రోజులు అన్నం తినలేదు. అప్పుడు పక్కన కూర్చుని "అమ్మా, నేను దేన్నీ వదిలిపెట్టి వెళ్లలేదు, నాన్న పోయినప్పట్నుంచి వెతుకుతున్నాను" అన్నాను. వాదించలేదు. ఆ తర్వాత ఆవిడే లంగర్‌కి ఒకసారి వచ్చి చపాతీలు ఒత్తింది. పండగ రోజు ఇంట్లో ఉండండి, అమ్మ చేసిన పాయసం తినండి, కొత్త మతం వేడిలో పాత ఫొటోలు గోడ మీంచి తీయకండి. పెళ్లయినవాళ్లు అవతలి మనిషికి తెలియకుండా ఒక్క అడుగు కూడా వేయొద్దు.

కాగితాల సంగతి కూడా తెలిసి ఉండాలి. వెళ్లడం, చదవడం, ప్రార్థన చేయడం వల్ల చట్టం ముందు మీ మతం మారదు, రాజ్యాంగం ఆర్టికల్ 25 ఆ స్వేచ్ఛ ఇస్తుంది. మతం మారితే మాత్రం లెక్కలు వేరు. 1950 నాటి ఎస్సీ ఉత్తర్వు ప్రకారం హిందువులు, 1956 నుంచి సిక్కులు, 1990 నుంచి బౌద్ధులు మాత్రమే ఎస్సీ హోదాకి అర్హులు; ఎస్సీలు క్రైస్తవంలోకి మారితే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బీసీ-సి కిందికి వస్తారు. హిందూ వివాహ చట్టం కింద పెళ్లయినవాళ్లలో ఒకరు క్రైస్తవం, ఇస్లాం లాంటి మతంలోకి మారితే రెండోవాళ్లు విడాకులు అడగొచ్చు. కొన్ని రాష్ట్రాల్లో మారేముందు జిల్లా అధికారికి చెప్పాలని చట్టాలున్నాయి, బయట ఉద్యోగాలు చేసేవాళ్లు అక్కడి లాయర్‌ని అడగండి.

తొందర మాత్రం వద్దు. హిందువుగా చావనని అంబేడ్కర్ 1935లో చెప్పారు, బౌద్ధం తీసుకుంది 1956 అక్టోబర్ 14న. మధ్యలో 21 ఏళ్లు చదివారు, పోల్చారు. అంతటి మనిషికి అంత టైమ్ పడితే మనకి రెండు మూడేళ్లు ఎక్కువేం కాదు. రామకృష్ణ పరమహంస 1866లో ఇస్లాం సాధన చేసిన రోజుల్లో ఆయనకి కాళీ గుడి వైపు వెళ్లాలనే అనిపించలేదట. ఒక దారిలో ఉన్నప్పుడు అలా ఉండాలి, పొద్దున చర్చి, సాయంత్రం ధ్యానం, రాత్రి ఉపనిషత్తు అని కలిపేస్తే దేని రుచీ తెలియదు. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఈ దారులన్నీ వద్దన్నారు, 1929లో తన కోసం కట్టిన సంస్థనే రద్దు చేసి, సత్యానికి దారే లేదన్నారు. ఆయన మాట నాకు చాలా ఇష్టం, కానీ దారుల్లో నడిచి అలిసినవాళ్లకే ఆ మాట అందుతుందని నా అనుభవం.

ప్రతి మండలం తర్వాత పదిహేను రోజులు ఏమీ చేయకండి. గుడి లేదు, ధ్యానం లేదు, పుస్తకం లేదు. ఆ రోజుల్లో ఏది లేక వెలితిగా ఉందో నోటుబుక్కులో రాయండి. వాదనలో గెలిచింది కాదు, చేయి తనంతట తాను వెతుక్కున్నది. నాకు పొద్దున్నే కళ్లు మూసుకుని కూర్చునే అరగంట వెలితి అనిపించింది, లంగర్‌లో పళ్లేలు కడిగే చప్పుడు వెలితి అనిపించింది, ఏడాదికొకసారి నాన్న పేరు పలకడం వెలితి అనిపించింది. ప్రస్తుతానికి ఈ మూడూ ఉంచుకున్నాను. మతం పేరడిగితే ఇంట్లో పెట్టిన పేరే చెబుతాను. మీకు ఒకే దారి పూర్తిగా దొరికితే, అందులోకి మనస్ఫూర్తిగా వెళ్లిపోండి, నాలాగే సగం సగం ఉండాలని లేదు.

విపశ్యనకి అప్లికేషన్ మాత్రం ఇవాళే పెట్టుకోండి, సీట్లు ముందే నిండిపోతాయి. ఈలోపు అమ్మకి ఫోన్ చేసి ఇలవేల్పు సంగతి అడగండి, ఏదో ఒక ఆదివారం జేబులో పెద్ద రుమాలు పెట్టుకుని గురుద్వారాకి వెళ్లి రండి.